కాటా చీటీతో ఫంక్టర్, అప్లికేటివ్: ఏది ఎప్పుడు వాడాలి?

జూన్, జూలై వచ్చాయంటే చిత్తూరు వైపు ఏ ఇంట్లో విన్నా తోతాపురి మామిడి లెక్కలే. మా చిన్నాయన తోటలోంచి లోడు కదులుతుంది, కాటా చీటీ ఫొటో వాట్సాప్‌లో వస్తుంది, తిరుపతిలో కూర్చున్న నేను ఎంత వస్తుందో చెప్పాలి. కాగితం మీద రెండు నిమిషాల పని. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడిని కదా, ఊరుకోలేక ప్రోగ్రాం రాశాను. మొదటి వారంలోనే ఒక లోడుకు "మొత్తం: 0" అని చూపించింది. చిన్నాయన ఫోన్ చేసి, "ఏందిరా, మూడు టన్నుల కాయ పోతే సున్నా అంటాదే నీ కంప్యూటరు?" అన్నాడు.

తప్పు నాదే. ఆ లోడుకు రేటు ఇంకా తేలలేదు, చీటీలో ఆ గడి ఖాళీగా ఉంది. ఖాళీని నా ప్రోగ్రాం సున్నా అనుకుని గుణించేసింది. రేటు తెలియకపోవడం వేరు, రేటు సున్నా కావడం వేరు. ఈ తేడాను చెడగొట్టకుండా లెక్క నడిపించడానికి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో రెండు సాధనాలున్నాయి. ఒకటి ఫంక్టర్, రెండోది అప్లికేటివ్ ఫంక్టర్. పేర్లు వింటే టెన్షన్ పుడుతుంది గానీ, ఒక చీటీ పక్కన పెట్టుకుని కూర్చుంటే సాయంత్రంలోపు రెండూ పట్టుబడతాయి. అలిపిరి దారిలో మెట్లు 3,550. మనకు ఎనిమిది చాలు.

మొదలుపెట్టే ముందు జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్‌తో హాస్కెల్ అనే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషను వేసుకుని, కోడ్ ఒక్కో వరుస కొట్టి జవాబు చూసుకునే జీహెచ్‌సీఐ తెరిచి పెట్టుకోండి. చదివి వదిలేస్తే ఈ విషయం తలకెక్కదు, టైప్ చేసి తప్పులు తినాలి. కింద కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. మీరు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. జస్ట్, నథింగ్, లెఫ్ట్, రైట్ లాంటి పేర్లు పెద్ద అక్షరంతో మొదలవ్వాలి, ఫంక్షన్ పేర్లు చిన్న అక్షరంతో.

మొదటి మెట్టు: ఖాళీల సంగతి మరిచిపోయి మామూలు ఫంక్షన్ రాయండి

2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలని లెక్క పెట్టారు. అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేయాలి. ఒకే కాయకు రెండు చోట్ల నుంచి డబ్బు. మన పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

```
రాబడి కాటా ఫ్యాక్టరీ సర్కారు = కాటా * (ఫ్యాక్టరీ + సర్కారు)
```

రాబడి 3000 8 4 అని కొడితే 36000 వస్తుంది. అంతే. ఈ ఫంక్షన్‌లోకి "రేటు ఖాళీగా ఉంటే" అనే షరతును దూర్చొద్దు. నేను మొదటిసారి చేసిన పని అదే. మూడు గడులకు మూడు షరతులు పెట్టేసరికి అసలు లెక్క ఎక్కడుందో నాకే కనిపించలేదు. గుణకారం, కూడిక తప్ప ఈ ఫంక్షన్‌కు ఇంకేమీ తెలియకూడదు.

ఇంకో సంగతి ఇప్పుడే చూసుకోండి. రాబడి 3000 అని ఒక్క విలువే ఇస్తే హాస్కెల్ తప్పు అనదు. మిగిలిన రెండు విలువల కోసం ఎదురుచూసే ఇంకో ఫంక్షన్‌ను చేతికిస్తుంది. దీన్ని కర్రీయింగ్ అంటారు. మన కూరతో సంబంధం లేదు, హాస్కెల్ కర్రీ (1900–1982) అనే తర్కశాస్త్రవేత్త పేరు అది. ఆయన పేరులో మొదటి సగం భాషకు పోయింది, రెండో సగం ఈ పద్ధతికి పోయింది. ఒక్కొక్క విలువనే మింగే ఈ గుణం లేకపోతే నాలుగో మెట్టు దగ్గర మనం ఆగిపోతాం.

రెండో మెట్టు: ఖాళీకి ఒక టైపు ఇవ్వండి

టైపు అంటే విలువ ఏ రకమో చెప్పేది. హాస్కెల్‌లో మేబీ అనే టైపు ఉంది. విలువ ఉంటే జస్ట్ 3000, లేకపోతే నథింగ్. సున్నా రేటు జస్ట్ 0 అవుతుంది, తెలియని రేటు నథింగ్ అవుతుంది. రెండూ ఇక ఎప్పటికీ కలవవు. చిన్నాయనతో తిట్లు తినే అవసరం ఇక్కడితోనే సగం పోయింది.

మిగతా సగం ఇబ్బంది ఇప్పుడు మొదలవుతుంది. మన రాబడికి మామూలు అంకెలు కావాలి, చేతిలో ఉన్నవి జస్ట్ తగిలించుకున్న అంకెలు. నేరుగా ఇస్తే, మన కోడ్‌ను తనిఖీ చేసే కంపైలర్ ఒప్పుకోదు.

మూడో మెట్టు: సందర్భంలో ఉన్న విలువ ఒక్కటే అయితే ఎఫ్‌మ్యాప్

కాటా కిలోల్లో ఉంది, టన్నుల్లో కావాలి. చేయాల్సింది ఒక్క విలువను మార్చడమే.

```
ఎఫ్‌మ్యాప్ (/ 1000) (జస్ట్ 3000)   -- జస్ట్ 3.0
ఎఫ్‌మ్యాప్ (/ 1000) నథింగ్         -- నథింగ్
```

ఇదే ఫంక్టర్. ఎఫ్‌మ్యాప్ అనే పని చేయగలిగిన ప్రతి టైపూ ఫంక్టరే. దాని టైపు ఇలా ఉంటుంది:

```
ఎఫ్‌మ్యాప్ :: (అ -> ఆ) -> ఫ అ -> ఫ ఆ
```

అ నుంచి ఆ కి తీసుకెళ్లే మామూలు ఫంక్షన్ ఇవ్వండి, ఫ అనే సందర్భంలో (ఇక్కడ మేబీ) ఉన్న అ ఇవ్వండి, అదే సందర్భంలో ఆ వస్తుంది. ఎఫ్‌మ్యాప్‌కు <$> అనే గుర్తు కూడా ఉంది. (/ 1000) <$> జస్ట్ 3000 అని రాసినా అదే.

ఫంక్టర్ అంటే డబ్బా అనీ, డబ్బా మూత తీసి లోపలున్నదాన్ని మార్చి మళ్లీ మూత పెట్టడమే ఎఫ్‌మ్యాప్ అనీ చాలామంది చెబుతారు. తిరుపతిలో లడ్డూ డబ్బాతో చెప్పడం ఇంకా తేలిక. మొదటి పది నిమిషాలకు అది పనికొస్తుంది, తర్వాత అడ్డం పడుతుంది. హాస్కెల్‌లో ఫంక్షన్ కూడా ఫంక్టరే. దాని మీద ఎఫ్‌మ్యాప్ చేస్తే రెండు ఫంక్షన్లు ఒకదాని వెనుక ఒకటి తగులుకుంటాయి. అందులో డబ్బా ఎక్కడుంది? కాబట్టి నేను సందర్భం అనే మాటే వాడతాను. విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు: ఒక సందర్భం. విలువలు చాలా ఉన్నాయి: ఇంకో సందర్భం. విలువ ఫైలు చదివాక వస్తుంది: మరొకటి.

డబ్బా కంటే గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది, ఎఫ్‌మ్యాప్ ఆకారాన్ని ముట్టదు. జస్ట్ జస్ట్‌గానే ఉంటుంది, నథింగ్ నథింగ్‌గానే. ఐదు అంకెల లిస్టు ఇస్తే ఐదే తిరిగొస్తాయి, వరుస మారదు. దీన్ని కాపాడేవి రెండు నియమాలు. ఏమీ మార్చని ఫంక్షన్‌తో ఎఫ్‌మ్యాప్ చేస్తే ఏమీ మారకూడదు. రెండు ఫంక్షన్లను కలిపి ఒకసారి ఎఫ్‌మ్యాప్ చేసినా, విడివిడిగా రెండుసార్లు చేసినా ఒకే జవాబు రావాలి.

నియమం తప్పితే ఎలా ఉంటుందో కావాలంటే, విలువతో పాటు "ఎన్నిసార్లు మార్చాం" అనే అంకెను దాచే టైపు ఒకటి రాసి, ఎఫ్‌మ్యాప్ చేసిన ప్రతిసారీ ఆ అంకెను ఒకటి పెంచండి. కంపైలర్ నోరు మెదపదు. కానీ ఏమీ మార్చని ఫంక్షన్ ఇచ్చినా అంకె 0 నుంచి 1 అవుతుంది, మొదటి నియమం పోయింది. ఈ నియమాలను చూసుకునే పూచీ మనదే, కంపైలర్‌ది కాదు.

నాలుగో మెట్టు: రెండో విలువ దగ్గర ఎఫ్‌మ్యాప్‌తో కావాలనే ఇరుక్కోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా అప్లికేటివ్‌కు వెళ్లినవాళ్లకు అది ఎందుకు పుట్టిందో ఎప్పటికీ తెలియదు. కాబట్టి ఒకసారి ఇరుక్కుని చూడండి. కాటా, ఫ్యాక్టరీ రేటు, సర్కారు రేటు మూడూ మేబీలోనే ఉన్నాయి. మన దగ్గర ఎఫ్‌మ్యాప్ ఉంది కదా అని కాటా మీద వాడండి:

```
పేరు = ఎఫ్‌మ్యాప్ రాబడి (జస్ట్ 3000)
```

పేరును చూపించమని జీహెచ్‌సీఐని అడిగితే, ఫంక్షన్‌కు షో ఇన్‌స్టెన్స్, అంటే దాన్ని తెరమీద ఎలా చూపాలో చెప్పే కోడ్, లేదని గొడవ పెడుతుంది. పాపం దాని తప్పేం లేదు. జస్ట్ లోపల ఇప్పుడు అంకె లేదు, ఇంకో రెండు అంకెల కోసం ఎదురుచూసే ఫంక్షన్ ఉంది. దాన్ని తెరమీద ఎలా రాయాలి?

ఇప్పుడు ఫంక్షన్ జస్ట్‌లో ఉంది, దానికి ఇవ్వాల్సిన 8 ఇంకో జస్ట్‌లో ఉంది. ఎఫ్‌మ్యాప్ టైపు మళ్లీ చూడండి. దానికి బయట ఉన్న ఫంక్షన్ కావాలి. మన ఫంక్షన్ లోపల పడిపోయింది. ఫంక్టర్‌తో ఇంతకంటే ముందుకు దారి లేదు. ఫంక్టర్‌కూ అప్లికేటివ్‌కూ ఉన్న తేడా అంతా ఈ చిక్కులోనే ఉంది.

ఐదో మెట్టు: <*> తో బయటపడండి

కావలసిన టైపును మనమే ఊహించి రాయవచ్చు. ఎఫ్‌మ్యాప్ టైపు తీసుకుని, ఫంక్షన్‌ను కూడా సందర్భంలోకి నెట్టేయండి:

```
<*>    :: ఫ (అ -> ఆ) -> ఫ అ -> ఫ ఆ
ప్యూర్ :: అ -> ఫ అ
```

ఈ రెండూ ఉన్న ఫంక్టర్‌ను అప్లికేటివ్ ఫంక్టర్ అంటారు. <*> ను చాలామంది ఆప్ అని పలుకుతారు, అప్లై అనే మాటకు పొట్టి, ఇంగ్లిషులో రాస్తే ఏ, పీ. ఆంధ్రప్రదేశ్ వాళ్లం కాబట్టి మనకు మర్చిపోయే భయం లేదు. ప్యూర్ మామూలు విలువను ఏ హడావుడీ లేకుండా సందర్భంలో కూర్చోబెడుతుంది. మేబీకి ప్యూర్ 8 అంటే జస్ట్ 8.

ఇప్పుడు చీటీ:

```
రాబడి <$> జస్ట్ 3000 <*> జస్ట్ 8 <*> జస్ట్ 4     -- జస్ట్ 36000
రాబడి <$> జస్ట్ 3000 <*> నథింగ్ <*> జస్ట్ 4     -- నథింగ్
```

దీన్ని ఎడమ నుంచి కుడికి చేత్తో చేసి చూడండి. మొదటి <$> కాటాను మింగింది, జస్ట్ లోపల రెండు అంకెల కోసం చూసే ఫంక్షన్ మిగిలింది. మొదటి <*> దానికి 8 తినిపించింది, ఒక అంకె కోసం చూసే ఫంక్షన్ మిగిలింది. రెండో <*> 4 తినిపించింది, 36000 వచ్చింది. మొదటి మెట్టులో కర్రీయింగ్‌ను చూసిపెట్టుకోమన్నది ఇందుకే. దారిలో ఎక్కడ నథింగ్ తగిలినా మొత్తం నథింగ్. మొదట రాసిన రాబడి ఫంక్షన్‌ను మనం ఒక్క అక్షరం కూడా మార్చలేదు, షరతు ఒక్కటీ రాయలేదు. రెండే విలువలుంటే లిఫ్ట్‌ఏ2 అని ఇంకో పొట్టిదారి ఉంది. నాకు <$>, <*> వరుసే చూడ్డానికి బాగుంటుంది. మామూలు ఫంక్షన్‌కు విలువలు ఇచ్చినట్టే ఉంటుంది, మధ్యలో నక్షత్రాలు తప్ప.

ప్రతి అప్లికేటివూ ఒక ఫంక్టరే. ప్యూర్ రాబడి <*> జస్ట్ 3000 అంటే రాబడి <$> జస్ట్ 3000 అన్నట్టే. తిరగేస్తే మాత్రం నిజం కాదు, దాని సంగతి ఏడో మెట్టులో.

మోనాడ్ గురించి వినే ఉంటారు, ముందు పని ఇచ్చిన విలువను చూసి తర్వాతి పని ఏదో తేల్చుకునే సాధనం అది. వరుసలో అప్లికేటివ్ మోనాడ్ కంటే ముందు మెట్టే అయినా, చరిత్రలో వెనకొచ్చింది. కానర్ మెక్‌బ్రైడ్, రాస్ పాటర్సన్ 2008లో ప్రచురించిన పరిశోధన వ్యాసంతో ఇది బాగా వాడుకలోకి వచ్చింది. అప్పటికే హాస్కెల్‌లో మోనాడ్లు పాతబడిపోయాయి. అందుకే 2015లో వచ్చిన హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 7.10 దాకా మోనాడ్ కావాలంటే అప్లికేటివ్ కూడా ఉండాలన్న నిబంధన లేదు. అంతకంటే పాత ట్యుటోరియల్‌లోని మోనాడ్ ఇన్‌స్టెన్స్‌ను కాపీ కొడితే ఇప్పుడు కంపైల్ కాదు. గాభరా పడకుండా పైన ఫంక్టర్, అప్లికేటివ్ ఇన్‌స్టెన్స్‌లు రెండూ రాసుకోండి.

ఆరో మెట్టు: లిస్టుల దగ్గర జాగ్రత్త

లిస్టు కూడా అప్లికేటివే. దాని <*> ప్రతిదాన్నీ ప్రతిదానితో జత కలుపుతుంది. మన వైపు భోజనంతో చూడండి:

```
జత <$> [సంగటి, అన్నం] <*> [ఊరిబిండి, పప్పు, పులుసు]
```

ఆరు జతలు వస్తాయి: సంగటి ఊరిబిండి, సంగటి పప్పు, సంగటి పులుసు, తర్వాత అన్నంతో మూడు. ఎంచుకోవడానికి ఎన్ని దారులున్నాయో చూపించాలంటే ఇది చక్కగా పనిచేస్తుంది.

లెక్కలకు మాత్రం ఇది గుంత. అందులో పడ్డాను కాబట్టి చెబుతున్నాను. మూడు లోడుల కాటాలు ఒక లిస్టులో, వాటి రేట్లు ఇంకో లిస్టులో పెట్టి గుణించమన్నాను. మూడు జవాబులకు బదులు తొమ్మిది వచ్చాయి. మొదటి లోడును మూడో లోడు రేటుతో కూడా గుణించి పెట్టింది. అన్నీ కూడితే వచ్చిన మొత్తం చూసి ఈ ఏడాది పంట పండిందిరా అనుకున్నాను, ఒక్క నిమిషం.

అక్కడ కావలసింది జిప్‌లిస్ట్. కంట్రోల్ అప్లికేటివ్ మాడ్యూల్‌లో ఉంటుంది:

```
(*) <$> జిప్‌లిస్ట్ [3000, 2500, 4000] <*> జిప్‌లిస్ట్ [8, 8, 7]
-- జిప్‌లిస్ట్ [24000, 20000, 28000]
```

మొదటిదానికి మొదటిది, రెండోదానికి రెండోది. ఇందులోనూ ఒక చిన్న మోసం ఉంది. ఒక లిస్టు పొట్టిగా ఉంటే మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోతాయి. నాలుగు లోడులకు మూడే రేట్లు ఇస్తే నాలుగో లోడు లెక్కలోకే రాదు, తప్పు అని కూడా చెప్పదు. పొడవులు సమానమో కాదో ముందే చూసుకోండి.

లిస్టూ జిప్‌లిస్టూ లోపల దాచుకునేది ఒకటే, ఎఫ్‌మ్యాప్ కూడా రెండింటికీ ఒక్కటే. తేడా <*> లోనే. ఫంక్టర్‌గా ఒకేలా ఉన్నవి అప్లికేటివ్‌గా వేరుపడ్డాయి. ఎఫ్‌మ్యాప్ ఆకారాన్ని ముట్టదన్నాం కదా, కాబట్టి దాన్ని ఎలా రాయాలన్న ప్రశ్నే రాదు. <*> మాత్రం రెండు ఆకారాలను ఒకటి చేయాలి. ఎలా కలపాలన్నది ఒక నిర్ణయం, ఒక్కోసారి అలాంటి నిర్ణయాలు ఒకటికంటే ఎక్కువే ఉంటాయి.

ఏడో మెట్టు: తప్పులను ఒక్కొక్కటిగా చెప్పాలా, అన్నీ ఒకేసారి చెప్పాలా?

నా అభిప్రాయంలో అప్లికేటివ్ అసలు విలువ ఇక్కడే తెలుస్తుంది. నథింగ్ ఎందుకు వచ్చిందో చెప్పదు. కారణం కూడా కావాలంటే ఐదర్ వాడతాం: తప్పు జరిగితే లెఫ్ట్‌లో కారణం, సరిగ్గా ఉంటే రైట్‌లో విలువ. ఐదర్ కూడా అప్లికేటివే, కానీ మొదటి లెఫ్ట్ కనబడగానే ఆగిపోతుంది.

మన ఆఫీసుల్లో ఒక రకం గుమాస్తా ఉంటాడు. దరఖాస్తు ఇస్తే పైనుంచి చూస్తూ "ఆధార్ జిరాక్స్ లేదు" అని వెనక్కి ఇచ్చేస్తాడు. తెచ్చి ఇస్తే "పాస్‌బుక్ జిరాక్స్ ఏదీ?" అంటాడు. అదీ తెస్తే "ఫొటో అంటించలేదే" అంటాడు. మూడు రోజులు, మూడుసార్లు బస్సు చార్జీలు. ఐదర్ ఈ గుమాస్తా. ఇంకో రకం మనిషి దరఖాస్తు మొత్తం ఒకసారి తిరగేసి, "ఈ మూడూ లేవమ్మా, రేపు తీసుకురా" అంటాడు. మనకు కావలసింది ఈయన. ఈయన్ని మనమే రాసుకుందాం:

```
డేటా తనిఖీ త అ = తప్పులు త | సరే అ

తప్పులు క <*> తప్పులు గ = తప్పులు (క <> గ)
తప్పులు క <*> సరే _     = తప్పులు క
సరే _     <*> తప్పులు గ = తప్పులు గ
సరే ఫ     <*> సరే వ     = సరే (ఫ వ)
```

ప్యూర్ అంటే ఇక్కడ సరే. మొదటి వరుసలోనే మొత్తం సంగతి ఉంది. రెండు వైపులా తప్పులుంటే రెండింటినీ <> తో కలుపుతున్నాం. అందుకు త అనే టైపుకు సెమీగ్రూప్ (రెండు విలువలను ఒకటిగా కలపగల టైపు) అయి ఉండే అర్హత కావాలి, తప్పుల లిస్టు పెడితే ఆ అర్హత ఉన్నట్టే. ఇప్పుడు చీటీలో కాటా చెరిగిపోయి, రేటు గడి కూడా ఖాళీగా ఉంటే రెండు ఫిర్యాదులూ ఒకేసారి వస్తాయి:

```
రాబడి <$> తప్పులు ["కాటా కనబడలేదు"] <*> తప్పులు ["రేటు లేదు"] <*> సరే 4
-- తప్పులు ["కాటా కనబడలేదు", "రేటు లేదు"]
```

చిన్నాయనకు రెండుసార్లు ఫోన్ చేసే పని తప్పింది.

ఇది మోనాడ్‌తో ఎందుకు కుదరదో ఒకసారి ఆలోచించండి. మోనాడ్‌లో రెండో పని మొదటి పని ఇచ్చిన విలువను బట్టి నడుస్తుంది. మొదటిది తప్పయితే విలువే లేదు, రెండోది ఏమిటో కూడా తెలియదు, ఇక దాని తప్పులు ఎక్కడ వెతకాలి? అప్లికేటివ్‌లో అలా కాదు. కాటా ఎంతొచ్చినా రేటు గడి రేటు గడే. రెండు పనులూ ముందే మన ముందున్నాయి కాబట్టి రెండింటినీ చూడొచ్చు. మోనాడ్‌తో పోలిస్తే అప్లికేటివ్ బలం తక్కువ, ఆ తక్కువదనం వల్లే ఈ పని చేయగలుగుతోంది.

జావాస్క్రిప్ట్ రాసేవాళ్లకు ఈ రెండు గుమాస్తాలూ తెలిసినవాళ్లే. ప్రామిస్ ఆల్ ఒక్క ప్రామిస్ రిజెక్ట్ కాగానే మొత్తాన్ని రిజెక్ట్ చేస్తుంది. 2020 ప్రమాణంలో వచ్చిన ఆల్‌సెటిల్డ్ అన్నీ తేలేదాకా ఆగి, ఒక్కొక్కటి ఏమైందో చెబుతుంది. ఆ భాషలో అర్రే మ్యాప్‌ను మాత్రం మన ఎఫ్‌మ్యాప్ అని నమ్మి మోసపోకండి. అది విలువతో పాటు దాని స్థానం అంకెను కూడా ఫంక్షన్‌కు అందిస్తుంది. "10", "10", "10" అనే మూడు ముక్కల మీద పార్స్‌ఇంట్‌ను మ్యాప్ చేసి చూడండి: 10, నాన్ (అంకె కాదు అని అర్థం), 2 వస్తాయి. స్థానం అంకెను పార్స్‌ఇంట్ సంఖ్యామానం అనుకుంటుంది.

ఫంక్టర్ అయి ఉండి అప్లికేటివ్ కానివి కూడా ఉన్నాయని చెప్పాను. రోజూ ఎదురయ్యేది డేటా మ్యాప్. ఊరి పేరు ఇస్తే రేటు చెప్పే మ్యాప్ ఉందనుకోండి: దామలచెరువుకు ఒకటి, బంగారుపాళ్యానికి ఒకటి. రేట్లన్నీ ఒక రూపాయి పెంచాలంటే ఎఫ్‌మ్యాప్ చాలు. కానీ ప్యూర్ 8 అంటే ఏం రాయాలి? ఎవరు ఏ ఊరు అడిగినా 8 అనాలి. లోకంలో ఉన్న ఊర్లన్నీ, లేని ఊర్లు కూడా, అందులో ఉండాలి. మ్యాప్‌లో అన్ని పేర్లు పట్టవు. ఖాళీ మ్యాప్ ఇద్దామంటే దానితో <*> చేసినవన్నీ ఖాళీ అయిపోతాయి, అది అప్లికేటివ్‌కు ఉన్న నియమాలకు విరుద్ధం. కాబట్టి దాన్ని ఫంక్టర్‌గానే వదిలేశారు.

ఎనిమిదో మెట్టు: మీ లెక్కకు ఏది కావాలో తేల్చుకోండి

సందర్భంలో ఉన్న విలువలు ఎన్నో లెక్కపెట్టండి. ఒక్కటే అయితే ఎఫ్‌మ్యాప్, ఇంకేమీ వెతకొద్దు. రెండో అంతకంటే ఎక్కువో ఉంటే ఇంకో ప్రశ్న: ఒకదాని జవాబు చూడకుండా ఇంకోదాన్ని తెచ్చుకోగలరా? కాటా చూడకుండా రేటు అడగొచ్చు, అప్లికేటివ్ సరిపోతుంది. మూడు టన్నులు దాటితే ఒక పట్టిక, దాటకపోతే ఇంకో పట్టిక వెతకాలంటే, కాటా విలువ తెలిస్తే గానీ రెండో పని ఏమిటో తెలియదు. అప్పుడు మోనాడ్ తప్పదు. ఈ ప్రశ్న వేసుకోకుండా అన్నింటికీ మోనాడ్ వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ కొన్నేళ్లు అదే చేశాను.

లోడుల లిస్టు మొత్తాన్ని ఒక దెబ్బకు తనిఖీ చేయాలంటే ట్రావర్స్ వాడండి. దానికి కావలసింది అప్లికేటివ్ మాత్రమే. మేబీతో వాడితే వంద చీటీల్లో ఒక్కటి ఖాళీగా ఉన్నా మొత్తం నథింగ్ వస్తుందని గుర్తుంచుకోండి. మనం రాసిన తనిఖీతో వాడితే వందలో చెడ్డవన్నిటి పేర్లూ వస్తాయి. సీజన్‌లో నాకు రెండోదే పనికొచ్చింది.

చివరగా, టైపులు కుదిరినంత మాత్రాన లెక్క కుదిరినట్టు కాదు. మన రాబడి మూడు విలువలను కలిపేసింది. ఫ్యాక్టరీ డబ్బు తేలి, సర్కారు నాలుగు రూపాయలు ఇంకా తేలలేదనుకోండి. ప్రోగ్రాం ఏమంటుంది? నథింగ్. హాస్కెల్ దృష్టిలో తప్పు లేదు. కానీ చిన్నాయనకు ఫ్యాక్టరీ నుంచి రావలసిన 24,000 ఖచ్చితంగా తెలుసు, దాన్ని కూడా "తెలియదు" అనేశాం. మొదట తెలియనిదాన్ని సున్నా అన్నాను, ఇప్పుడు తెలిసినదాన్ని తెలియదన్నాను. <*> తో కలిపామంటే, వీటిలో ఏది లేకపోయినా జవాబుకు అర్థం లేదని చెప్పినట్టు. కాటా, ఫ్యాక్టరీ రేటు విషయంలో ఆ మాట నిజం. మూడింటి విషయంలో కాదు. కాబట్టి విడగొట్టండి:

```
ఫ్యాక్టరీ బాకీ = (*) <$> కాటా <*> ఫ్యాక్టరీ రేటు
సర్కారు బాకీ  = (*) <$> కాటా <*> సర్కారు రేటు
```

రెండు వరుసలను విడివిడిగా చూపించండి. నథింగ్ వచ్చిన చోట "ఇంకా తేలలేదు" అని రాయండి, సున్నా వేయకండి. బాకీ, రేటు పేర్ల మధ్య ఉన్న ఖాళీలను మీ కోడ్‌లో తీసేయండి, లేకపోతే హాస్కెల్ వాటిని ఫంక్షన్లనుకుంటుంది.

ఇది మార్చి పంపిన రోజు చిన్నాయన తెర చూసి, "ఫ్యాక్టరీ 24,000, సర్కారు ఇంకా తేలలేదు" అని పైకి చదివాడు. "ఆ, ఇప్పుడు కరెక్టుగా చెప్తాంది" అని ఫోన్ పెట్టేశాడు.